డోరిస్‌గారి స్కీలకు నేను వ్యాక్స్ రాసిన రోజు

ఇది రాసిపెట్టాల్సిన అవసరం ఎందుకొచ్చిందో ముందు చెబుతాను. పోయిన నెల మా అమ్మాయి లహరి వచ్చినప్పుడు గరాజ్‌లో నా పాత సొరుగు సర్దుతూ ఒక ప్లాస్టిక్ కార్డు పైకెత్తి చూపించింది. "అమ్మా, ఇది ఓల్డ్ లైబ్రరీ కార్డ్. ఒక సైడ్ అంతా అరిగిపోయింది, స్టికీగా ఉంది. త్రో చేసేయనా?" అంది. నేను వెళ్ళి చేతిలోంచి లాక్కున్నాను. ముక్కు దగ్గర పెట్టుకుంటే ఇంకా ఆ వాసన ఉంది, గుగ్గిలం పొగ పోయాక గదిలో మిగిలే వాసన లాంటిది. "ఇట్స్ జస్ట్ ఎ కార్డ్, అమ్మా," అంది తను. దాని కథ చెప్పబోయాను. సగంలో తనకి ఫోన్ వచ్చింది. తప్పు తనది కాదు. నేనే మరీ వెనక నుంచి మొదలుపెట్టాను.

తను వెళ్ళిపోయాక ఇంకో సంగతి తట్టింది. మా స్కీ క్లబ్ వాళ్ళ పాత క్యాబిన్ కప్పు ఒక చలికాలం మంచు బరువుకి కూలిపోయింది. లోపల చెక్క పెట్టెలో ఉండే లాగ్‌బుక్ నీళ్ళలో నాని ముద్దయిపోయింది. ఆ పుస్తకంలో డోరిస్‌గారు తన చేత్తో రాసిన ఒక వాక్యం ఉండేది. అది ఇప్పుడు నా తలలో తప్ప ఎక్కడా లేదు. నాకు చదువు లైబ్రరీలు పెట్టిన భిక్ష. రాయనిది ఏమవుతుందో నాకు బాగా తెలుసు. అందుకే ఈ అధ్యాయం.

పెళ్ళయి అమెరికాలో ఈ బాతెల్ ఊరికి వచ్చేసరికి నాకు ఇరవై నాలుగేళ్ళు. నర్సీపట్నంలో ఇంటర్‌తో నా కాలేజీ చదువు ఆగిపోయింది. మిగతాదంతా శాఖా గ్రంథాలయంలో, వీధి వైపు కిటికీ పక్క బల్ల మీద జరిగింది. ఇక్కడ నాది డిపెండెంట్ వీసా, ఉద్యోగం చేయకూడదు. డ్రైవింగ్ రాదు. మా ఆయన మురళి పొద్దున్నే ఆఫీస్‌కి వెళ్ళేవారు. నేను అన్నం, పప్పు వండేసి, స్టవ్ ఆపానో లేదో రెండుసార్లు చూసుకుని, వానలో ఇరవై నిమిషాలు నడిచి లైబ్రరీకి వెళ్ళేదాన్ని. ఒక అల్మరా మొదటి పుస్తకంతో మొదలుపెట్టి చివరి పుస్తకం దాకా చదవడం నా పద్ధతి. అర్థం కాని మాట నోట్‌బుక్‌లో రాసుకుని, పెద్ద డిక్షనరీ తీసి చూసేదాన్ని. అక్కడ పుస్తకాలు విషయాన్ని బట్టి నంబర్ల వరుసలో ఉంటాయి; లైబ్రేరియన్ కరెన్ నన్ను చూసి, "ఈ రోజు ఏ నంబర్‌లో ఉన్నావు?" అని అడిగేది. అలా ఏడు వందల తొంభై ఆరో నంబర్‌కి వచ్చాను. అది ఆటల అల్మరా. అందులో మంచు మీద జారే పుస్తకాలు ఆరో ఏడో ఉన్నాయి.

అప్పటికి నేను చూసిన మంచు అంటే మా ఊరి సోడా కొట్టులో ఊకలో పూడ్చి, గోనె కప్పి ఉంచే ఐసు దిమ్మ. అలాంటి నన్ను ఆ పుస్తకాలు పట్టేశాయి. కొండ మీంచి కిందికి దూసుకొచ్చేది కాదు, చదునుగా అడవిలో నడుస్తూ జారే స్కీయింగ్. అడుగు వేసినప్పుడు స్కీ మంచుని పట్టుకోవాలి, జారేటప్పుడు వదిలేయాలి. రెండూ ఒకే చెక్క ఎలా చేస్తుందన్నది నన్ను వారం రోజులు కూర్చోనివ్వలేదు. వ్యాక్స్ వల్ల అని చదివాను. చలిని బట్టి ఆకుపచ్చ, నీలం, ఊదా, ఎరుపు అని రంగుల డబ్బాలుంటాయట. ఎర్రది మెత్తన, ఆకుపచ్చ గట్టి. ఇదంతా ఒక్కసారి కూడా స్కీ ముట్టుకోకుండానే కంఠతా పట్టేశాను.

సరిగ్గా అప్పుడే లైబ్రరీ బోర్డు మీద ఒక కాగితం కనిపించింది. స్థానిక స్కీ క్లబ్ సీజన్ మొదలుపెడుతోంది, ముందు దారి శుభ్రం చేసే పని, కొత్తవాళ్ళు రావచ్చు, స్కీలు అరువిస్తాం. ఇంటికొచ్చి మా ఆయనకి చెబితే టీ గ్లాసు కింద పెట్టేసి నవ్వారు.

"మీ నర్సీపట్నంలో ఫ్రిజ్ డీఫ్రాస్ట్ చేస్తే వీధంతా చూడ్డానికొస్తారు. నువ్వు స్కీయింగ్ చేస్తావా?"

"పుస్తకం చదివాను."

"పుస్తకం చదివి ఈత కూడా నేర్చుకో, పనిలో పని. కాలు విరిగితే నాకు లీవ్ దొరకదు తల్లీ, డిసెంబర్‌లో మా సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఉంది."

అన్నారే కానీ శనివారం పొద్దున దారి మ్యాపు ప్రింటవుట్ తీసి, కార్‌లో నన్ను కొండ మీదికి తీసుకెళ్ళింది ఆయనే.

ఇంకా మంచు పడలేదు. దేవదారు చెట్ల మధ్య విరిగి పడ్డ కొమ్మలు రంపాలతో కోసి, దారి పక్కకి లాగే పని. క్లబ్ పనులన్నీ చూసే హాంక్‌కి గడ్డం నిండా రంపపు పొట్టు. నేను పులిహోర తీసుకెళ్తే అందులో పచ్చిమిరపకాయని బీన్స్ అనుకుని నమిలేసి, కళ్ళనీళ్ళతో, "చాలా బాగుంది" అన్నాడు. ఆ రోజే డోరిస్‌గారిని చూశాను. డెబ్భై ఎనిమిదేళ్ళు. పొట్టిగా, వెదురు పుల్లలా ఉండేవారు. నేను పలకరిస్తే నా వైపు కాకుండా నా చెవి పక్కకి చూస్తూ మాట్లాడారు. మర్యాద లేదేమో అనుకున్నాను. తర్వాత ఆవిడే చెప్పారు: "నీ ముఖం చూడాలంటే నేను నీ పక్కనున్న చెట్టుని చూడాలి." ఆవిడ కంటిచూపు మధ్యలోంచి పోతోంది. సూటిగా చూస్తే మసక, ఓరగా చూస్తే కొంచెం ఆనుతుంది.

నన్ను డోరిస్ అని పిలువు అన్నారు. నాయనమ్మ వయసు మనిషిని పేరు పెట్టి పిలవడానికి నా నోరు రాలేదు. "డోరిస్‌గారూ" అన్నాను. "ఆ చివరిది ఏమిటి?" అని అడిగారు. పెద్దవాళ్ళకి పెడతాం అని చెప్పాను. ఆవిడ హాంక్ వైపు తిరిగి, "విన్నావా? నా పేరు ఇన్నాళ్ళూ సగమే పలికావు," అన్నారు. ఆ రోజు నుంచి క్లబ్బంతా ఆవిడని డోరిస్-గారు అనే పిలిచింది, ర మీద అమెరికన్ మెలికతో.

ఆవిడ ఇల్లు మా అపార్ట్‌మెంట్‌కి మూడు వీధుల అవతల. మంగళవారం, గురువారం వెళ్ళి ఉత్తరాలు, మందుల సీసాల మీది అక్షరాలు, పేపరు చదివి పెట్టేదాన్ని. బదులుగా ఆవిడ నాకు ఇంటి వెనక తడి గడ్డి మీద స్కీలు తొడిగి నిలబడడం నేర్పేవారు. ఆ ఇంట్లో ప్రతిదానికీ ఒక చోటు ఉండేది. కత్తెర కుడి మేకుకి, టార్చ్ ఎడమ మేకుకి, ఉన్ని మేజోళ్ళు హీటర్ మీద బారుగా. ఎవరైనా ఒక్క వస్తువు జరిపితే ఆ రోజంతా వెతుక్కోవాలి. టీ తాగేటప్పుడు కప్పు అంచుకి వేలు ఆనించి పోసుకునేవారు, వేడి తగలగానే ఆపేవారు. వంటింటి బల్ల కింద ఒక పాత బిస్కెట్ డబ్బా, అందులో వ్యాక్స్ డబ్బాలు, బెండు ముక్కలు. మూత తీస్తే ఆ గుగ్గిలం వాసన. రంగులు కనిపించక ఆవిడ ఒక్కొక్కటీ వాసన చూసి, గోటితో గీరి, "ఇది నీలం," అనేవారు. నేను పేరు చదివి చూస్తే నీలమే. పుస్తకాలన్నీ చదివానన్న నా గర్వం ఆ బల్ల దగ్గర కాస్త తగ్గేది.

క్లబ్‌కి ఒక ఆనవాయితీ ఉంది. మొదటి మంచు నిలిచాక, అందరిలోకీ పాత సభ్యులు ఒక తోడుతో అడవిలోని పాత బాట పట్టి, కొత్త మంచులో మొదటి గీత వేసుకుంటూ క్యాబిన్‌కి చేరాలి. మిగతావాళ్ళు హాంక్ తన స్నో మెషిన్‌తో, అంటే మంచు మీద నడిచే బండితో, చదును చేసిన రోడ్డు మీదుగా వస్తారు. మొదటి గీత వేసినవాళ్ళే పొయ్యి వెలిగించి, లాగ్‌బుక్‌లో మొదటి వాక్యం రాయాలి. అప్పటికి గానీ సీజన్ మొదలైనట్టు కాదు. ఎన్నో ఏళ్ళుగా ఆ వాక్యం డోరిస్‌గారిదే. ఈసారి డాక్టర్ ఆవిడకి చెప్పేశాడు, వచ్చే చలికాలానికి ఆ ఓరచూపు కూడా ఉండదని. మీటింగ్‌లో హాంక్ మెల్లగా అన్నాడు, "డోరిస్-గారు, ఈసారి నా స్నో మెషిన్ మీద తీసుకెళ్తాను. పొయ్యి మీరే వెలిగించండి."

"సామానులా వచ్చేదైతే రాను," అన్నారావిడ. "నాకు బాట తెలుసు. ఒక్కసారి, నా కళ్ళు ఉండగా, నా కాళ్ళతో."

ఎవరూ కాదనలేకపోయారు. హాంక్ ఒక షరతు పెట్టాడు. మధ్యాహ్నం పన్నెండు దాటితే మెషిన్ వేసుకుని వచ్చేస్తాడు, అప్పుడు వాదించకుండా ఎక్కాలి. తోడు ఎవరు? గట్టిగా స్కీ చేసేవాళ్ళు నలుగురు చేతులెత్తారు. డోరిస్‌గారు ఎప్పట్లాగే నా చెవి పక్కకి చూసి, "ఆ అమ్మాయి," అన్నారు. తిరిగొచ్చేటప్పుడు మా ఆయన కారులో ఆవిడని అడిగాను, నేనెందుకు అని. "వాళ్ళు నన్ను దాటి పోతారు. నువ్వు ఎంత ప్రయత్నించినా పోలేవు," అన్నారు.

ముందు రోజు మధ్యాహ్నం రెండు జతల స్కీలూ ఆవిడ వంటింటి బల్ల మీద పరిచాను. ఉదయానికి చలి ఎంతుంటుందో రేడియోలో విన్నాం. ఆవిడ ఊదా డబ్బా తీసి నా చేతిలో పెట్టి, "మధ్యలో మాత్రమే, పల్చగా," అని, మేజోళ్ళు ఆరాయో లేదో చూడ్డానికి వెళ్ళారు. నేను రాయడం మొదలుపెట్టాను. ఇక్కడే నా చేతులు నన్ను మోసం చేశాయి. మా ఇంట్లో గడపకి పసుపు రాసే పని చిన్నప్పటి నుంచి నాదే. నాయనమ్మ వెనక నిలబడి చూసేది. "కొస నుంచి కొస దాకా రాయాలే. సగం గడప రాసి వదిలేసే ఇంటికి ఎవరొస్తారు?" అనేది. స్కీ కూడా గడపలాగే, నున్నగా, పొడుగ్గా. మధ్యలో ఒక జానెడు రాసి ఆపితే నాకు ప్రాణం ఒప్పలేదు. ఆవిడ పొదుపు మనిషి, డబ్బా అయిపోతుందని అలా అన్నారనుకున్నాను. రేపటి ప్రయాణం ఆవిడకి ఎంత ముఖ్యమో తెలుసు కదా. భక్తిగా, కొస నుంచి కొస దాకా, రెండు పొరలు దట్టంగా రాసి, బెండు ముక్కతో నున్నగా రుద్ది, బట్టలో చుట్టి పెట్టాను. మంచుని పట్టుకునే వ్యాక్స్ కాలి కింద మాత్రమే ఉండాలని, మిగతా భాగం జారడానికి వదిలేయాలని నేను చదివిన పుస్తకంలోనే బొమ్మ వేసి ఉంది. మాటలు చదివాను, బొమ్మ దాటేశాను.

మర్నాడు తొమ్మిదింటికి బాట మొదట్లో నిలబడ్డాం. చీలమండ దాకా కొత్త మంచు. ఎన్ని పుస్తకాలు చదివినా ఏ పుస్తకమూ నాకు చెప్పని సంగతి ఒకటి అక్కడ ఉంది. చప్పుడు లేదు. ఊళ్ళో నిశ్శబ్దం అంటే దూరంగా ఒక కుక్క, ఒక బోరింగ్ కిర్రుమనడం ఉంటాయి. ఇక్కడ నా గుండె, నా చెవుల్లో రక్తం, అంతే. కొమ్మల మీద మంచు ఎంత మెత్తగా కూర్చుందంటే ఊపిరి వదలడానికి కూడా జంకాను. చెట్ల పైన తెల్లటి వెలుతురు, కింద తెల్లటి నేల, మధ్యలో ఎక్కడా ఒక్క గీత లేదు. దేవుడి గదిలోకి చెప్పులతో వచ్చినట్టు అనిపించింది. "ఏం కనిపిస్తోంది?" అని అడిగారావిడ. "ఏమీ లేదు," అన్నాను. ఏడుపొచ్చింది. "అదే," అన్నారు. "దానికే ప్రతి ఏడూ వస్తాను."

ఆవిడ ముందు, నేను వెనక. ఆవిడ బాట కాళ్ళతో చూసేవారు. వాలు మొదలయ్యే రెండడుగుల ముందే మోకాళ్ళు వంగేవి. నేను వెనక నుంచి, "కొమ్మ, ఎడమ," "వంపు," అని అరిచేదాన్ని. పావు గంట బాగానే సాగింది. తర్వాత ఎండ కొంచెం పైకొచ్చింది, మంచు మెత్తబడింది. ఆవిడ అడుగు చిన్నదైంది. ఇంకా చిన్నదైంది. ఆగారు. స్కీ పైకెత్తితే కింద ఇడ్లీలు అంటుకున్నట్టు ముందు నుంచి వెనక దాకా మంచు గడ్డలు. నావీ అంతే. కర్రతో కొట్టి రాలిస్తే పది అడుగులకి మళ్ళీ అతుక్కున్నాయి. కాళ్ళకి రోకళ్ళు కట్టుకుని నడిచినట్టుంది. గంటపైగా అలాగే రాలుస్తూ, ఈడుస్తూ సాగాం.

"ఎక్కడ రాశావు?" అని అడిగారు.

"అంతటా."

ఆవిడ చేతి తొడుగు తీసి స్కీ ముక్కు మీద బొటనవేలు రుద్దారు. తర్వాత తోక మీద. "అంతటా," అన్నారు నెమ్మదిగా. "నేను చెప్పింది..."

"మధ్యలో అన్నారు. తక్కువ చేయకూడదని..." గడప సంగతి చెప్పాను. పసుపు, నాయనమ్మ, కొస నుంచి కొస. అడవి మధ్యలో, గడియారం పదిన్నర చూపిస్తుంటే, ఆవిడకి ఇక దొరకని రోజుని నా చేత్తో పాడుచేసి, గడప గురించి చెబుతున్నాను. ఆవిడ విన్నారు. తిట్టలేదు. "నా స్కీలకి ఇంత గౌరవం ఎవరూ ఇవ్వలేదు," అన్నారు. "ఇప్పుడు గోకు. నీ దగ్గర ఏముంది?"

గీకే పలక బిస్కెట్ డబ్బాలో, ఇంట్లో ఉంది. జేబులన్నీ వెతికాను. జేబురుమాలు, ఎండు ఆపిల్ ముక్కలు, లైబ్రరీ కార్డు. అది లేకుండా నేను ఎక్కడికీ వెళ్ళేదాన్ని కాదు, నా ఫోటో ఐడీ అదే అన్నట్టు. మంచులో మోకాళ్ళ మీద కూర్చుని, ఆవిడ స్కీ ఒళ్ళో పెట్టుకుని కార్డు అంచుతో గీకడం మొదలుపెట్టాను. కొబ్బరి కోరినట్టు ఊదా రంగు చుట్టలుగా లేచేది. ఆవిడ పక్కనే నిలబడి కర్రకి ఆనుకుని, గీకిన చోటల్లా వేలితో తడిమి, "ఇంకా ఉంది. ఇక్కడ. ఇక చాలు, ఇది వదిలెయ్," అనేవారు. నా కళ్ళకి కనిపించనిది ఆవిడ బొటనవేలికి తెలిసేది. నాలుగు స్కీలు అయ్యేసరికి కార్డు ఒక మూల విరిగింది, ఒక అంచు అరిగిపోయింది, పదకొండు దాటింది. ఇంకా సగం బాట ఉంది.

ఆ తర్వాత ఆవిడ వెళ్ళిన తీరు నాకు ఇవాళ్టికీ కళ్ళకి కట్టినట్టుంది. ఆ చిన్న మనిషి ఒక్కో కాలు ముందుకి చాచి, ఒక్కో కాలి మీదా ఒక ఊపిరి సేపు జారుతూ, తెల్లటి నేల మీద రెండు గీతలు గీసుకుంటూ వెళ్ళిపోయారు. నేను రొప్పుతూ వెనక పడ్డాను. దాటి పోలేవు అన్నారు కదా, అందుకోవడమే కాలేదు. చివరి వంపు దగ్గర దూరంగా మెషిన్ ఇంజన్ స్టార్ట్ అయిన చప్పుడు వినిపించింది. పన్నెండు దాటింది. ఆవిడ ఆగలేదు. చెట్ల మధ్య నుంచి బయటికొచ్చేసరికి క్యాబిన్ ముందు హాంక్ మెషిన్ మీద కూర్చుని ఉన్నాడు. మమ్మల్ని చూశాడు. ఇంజన్ ఆపేశాడు.

లోపలికి వెళ్తే పధ్నాలుగు మంది కోట్లు, టోపీలు, చేతి తొడుగులతో బల్లల మీద ముడుచుకుని కూర్చుని ఉన్నారు. నోళ్ళలోంచి పొగ వస్తోంది. కట్టెలు పేర్చి ఉన్నాయి, అగ్గిపెట్టె పక్కనే ఉంది. వాళ్ళు వచ్చి గంటపైనే అయింది. ఎవరూ పొయ్యి వెలిగించలేదు. డోరిస్‌గారికి ఆ ముఖాలు కనిపించలేదు కానీ చలి తెలిసింది. గుమ్మంలోనే ఆగిపోయి, "పిచ్చి మనుషులు," అన్నారు. గొంతు వణికింది. నేను ఆవిడని అంతకుముందూ ఆ తర్వాతా అలా చూడలేదు. పుల్ల గీసి, వేడి ఎటుందో ముఖంతో చూసుకుంటూ పొయ్యి వెలిగించారు.

లాగ్‌బుక్ తెచ్చారు. నేను రాసిపెడతానన్నాను. తల అడ్డంగా ఊపి, పుస్తకాన్ని పక్కకి తిప్పి, ఓరగా చూస్తూ ఆవిడే రాశారు. అక్షరాలు ఒకదాని మీదొకటి ఎక్కాయి, వాక్యం గీతలు దాటి కిందికి వాలిపోయింది. అందులో ఉన్నది ఇంతే: "చీలమండ దాకా కొత్త మంచు, వ్యాక్స్ ఎక్కువైంది, ఇద్దరం వచ్చాం."

మరుసటి ఏడు నుంచి ఆవిడ స్కీ చేయలేదు. కానీ సీజన్ మొదట్లో వ్యాక్స్ రాసే రోజు వచ్చి, అందరి స్కీల మీదా బొటనవేలు రుద్ది చూసేవారు. నా దగ్గరికొచ్చినప్పుడు మాత్రం ముక్కూ తోకా రెండుసార్లు తడిమేవారు. ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు స్కీల అడుగున పొలుసుల్లాంటి గాట్లు ఫ్యాక్టరీలోనే వేసి ఇస్తున్నారు, వ్యాక్స్ అక్కర్లేదు. ఆ వాసన తెలిసినవాళ్ళు క్లబ్‌లో అయిదారుగురం ఉన్నాం. మొదటి మంచు కూడా ఆలస్యంగా వస్తోంది. కొన్నేళ్ళు పేరుకి పడి, ఆదివారానికి కరిగిపోతోంది. అప్పుడు మంచు పడుతుందా అని ఎవరూ అడగలేదు, ఎప్పుడు అని మాత్రమే అడిగేవాళ్ళం. మొదటి గీత వేసే వంతు ఇప్పుడు నాది. బాట మొదట్లో నిలబడి తోడొచ్చినవాళ్ళని, "ఏం కనిపిస్తోంది?" అని అడుగుతాను. ఈ తరం పిల్లలు చాలా చెబుతారు, ఫోన్ తీసి ఫోటో తీస్తారు. ఒక్కోసారి ఒకరు నోరు తెరిచి, ఏమీ చెప్పలేక ఆగిపోతారు. ఆ రోజు నాకు చలి వేయదు.

ఇక నేను కృతజ్ఞత చెప్పాల్సిన పేర్లు. మెషిన్ స్టార్ట్ చేసి కూడా కదలని హాంక్‌కి. పొయ్యి ముట్టించకుండా వణికిన పధ్నాలుగు మందికి, వాళ్ళలో ఆ సాయంత్రం నా తడిసిన మేజోళ్ళు తీయించి తనవి తొడిగిన లిండాకి. నవ్వుతూనే కారు తీసిన మురళిగారికి. గడప పూర్తిగా రాయడం నేర్పిన మా నాయనమ్మ సత్తెమ్మకి, ఆవిడ తప్పు ఇందులో ఏమీ లేదు. పారేసే ముందు అడిగినందుకు లహరికి. లైబ్రేరియన్ కరెన్‌కి మరీ ముఖ్యంగా. ఆ తర్వాతి సోమవారం విరిగిన కార్డు ఆవిడ ముందు పెట్టి జరిగింది చెప్పాను. కొత్తది ఇచ్చింది. రూలు ప్రకారం పాతదాన్ని కత్తిరించి పారేయాలి. కత్తెర తీసింది, కార్డు వాసన చూసింది, కత్తెర మళ్ళీ సొరుగులో పెట్టి కార్డు నా వైపు తోసింది.

ఆఖరి పేరు డోరిస్‌గారిది. ఇందులో నాకు గుర్తులేక వదిలేసినవి ఉంటాయి. ఆవిడ వాక్యం మాత్రం, తెలుగులో అయినా, ఒక్క మాటా వదలకుండా పెట్టాను.